కౌంటరుకు అవతల నిలబడినవారు

క్రిస్మస్ ముందు రోజు రాత్రి. కృష్ణా జిల్లాలోని ఒక పల్లె సంఘములో ఆరాధన మొదలై గంట దాటింది. స్త్రీలు కూర్చునే వైపు ఒక తల్లి తన ప్రక్కన చాప మీద కొంచెం చోటు ఖాళీగా ఉంచుకొని కూర్చుంది. ఎవరైనా అక్కడ కూర్చోబోతే, "మా అమ్మాయి వస్తుందమ్మా" అని సర్దిచెబుతోంది. ఆ అమ్మాయి విజయవాడలో ఒక బట్టల షోరూములో, చీరల కౌంటరులో పనిచేస్తుంది. వాక్యము అయిపోయింది. సండేస్కూలు పిల్లల నాటిక అయిపోయింది. కేకు పంచారు. అమ్మాయి రాలేదు. తెల్లవారుజామున మొదటి బస్సుకు వచ్చింది.

"ఏమ్మా, రాత్రి రాలేదేం? నీ కోసం చోటు పెట్టుకొని కూర్చున్నాను" అన్నది తల్లి.

"ఎట్లా వస్తానమ్మా? తొమ్మిదిన్నరకు ఒక కుటుంబం వచ్చింది. యాభై చీరలు తీయించి ఒకటి తీసుకున్నారు. అవన్నీ మడతపెట్టి సర్దేసరికి పదకొండు. ఆఖరి బస్సు వెళ్ళిపోయింది." కాసేపాగి ఆ అమ్మాయి నవ్వింది. "వాళ్ళూ మనవాళ్ళేనమ్మా. పాస్టరమ్మగారికి క్రిస్మస్ చీర కొనడానికి వచ్చారు."

ఈ సంగతి ఆ తల్లే నాతో చెప్పింది. ఎవరి మీదా నిష్ఠూరం లేకుండా చెప్పింది. కాని ఆ మాట నా మనసులో ముల్లులా గుచ్చుకొని ఉండిపోయింది.

ప్రియ పాఠకులారా, ఈ రోజుల్లో మన సంఘములలో ఇటువంటి ఇల్లు లేని ఊరు అరుదు. ఇంటరో, డిగ్రీయో చదివిన మన పిల్లలు విజయవాడకు, గుంటూరుకు, హైదరాబాదుకు వెళ్ళి బట్టల షాపులలో, చెప్పుల షాపులలో, సూపర్ మార్కెట్లలో, సెల్‌ఫోను దుకాణాలలో పనిచేస్తున్నారు. ఉదయం నుండి రాత్రి వరకు వచ్చినవారికి వస్తువులు చూపించడం, ధర చెప్పడం, ఓపికగా జవాబివ్వడం, నవ్వుతూ పంపడం వారి పని. ఆ పనిలో కొందరు నెల తిరగకముందే విసిగి ఇంటికి వచ్చేస్తున్నారు. మరికొందరు ఏళ్ళ తరబడి తృప్తిగా చేస్తున్నారు. ఈ తేడా ఎక్కడ నుండి వస్తోంది? పిల్లలను పనికి పంపే తల్లిదండ్రులుగా, కొనడానికి వెళ్ళే ఖాతాదారులుగా, దుకాణము నడిపే యజమానులుగా మనము ఆలోచించవలసిన సంగతి ఇది.

కలుపు వేరు, నీరు వేరు

ఉద్యోగములో తృప్తి అనగానే ముందు జీతమే గుర్తుకు వస్తుంది. జీతము పెంచితే చాలు, తృప్తి దానంతట అదే వస్తుందని అనుకుంటాము. అమెరికాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ తన సహచరులతో కలిసి 1959లో ఈ విషయమై ఒక పుస్తకము ప్రచురించాడు. పిట్స్‌బర్గ్ ప్రాంతములో సుమారు 200 మంది ఇంజనీర్లను, లెక్కలు చూసే ఉద్యోగులను వారు ప్రశ్నించారు. "మీ పనిలో మీకు ఎంతో సంతోషం కలిగిన సమయమేది? ఎంతో బాధ కలిగిన సమయమేది?" అన్నవి ఆ ప్రశ్నల సారాంశము.

జవాబులు చూస్తే ఒక వింత బయటపడింది. బాధ కలిగినప్పుడు వారు ఎక్కువగా చెప్పినవి సంస్థ నియమాలు, పై అధికారి తీరు, జీతము, పనిచేసే చోటు. సంతోషం కలిగినప్పుడు చెప్పినవి వేరు. ఒక పని సాధించడం, నలుగురు దానిని గుర్తించడం, పని మీద ఇష్టం, తమ మీద నమ్మకముతో బాధ్యత అప్పగించడం, ఎదుగుదల. బాధను తీసివేసేవి ఒకటి, సంతోషాన్ని తెచ్చేవి మరొకటి అని హెర్జ్‌బర్గ్ తేల్చాడు. ఆయన లెక్కను విమర్శించినవారు లేకపోలేదు. ఆయన అడిగినవారు దుకాణాలలో పనిచేసేవారు కూడా కారు. అయినా ఆ తేడాను గుర్తుంచుకోవడం మంచిది.

రైతు కుటుంబాలకు ఇది తేలికగా అర్థమవుతుంది. కలుపు తీసినంత మాత్రాన గింజ పట్టదు, చేనుకు నీరు కావాలి. అలాగని కలుపు తీయకుండా ఎంత నీరు పెట్టినా పంట చేతికి రాదు. తక్కువ జీతము, పనిలో కష్టాలు కలుపు వంటివి. గౌరవము, నమ్మకము, చేసిన పనికి విలువ ఉన్నదన్న ఎరుక నీరు వంటివి. రెండూ కావాలి.

కూలి సంగతి దేవుడు వింటాడు

ముందు కలుపు సంగతి చూద్దాము. కూలివాని జీతము తెల్లవారే వరకు నీ యొద్ద ఉంచుకోవద్దని ధర్మశాస్త్రము ఆజ్ఞాపిస్తుంది (లేవీ. 19:13). బిగబట్టిన కూలి మొరపెడుతుందని, ఆ మొర ప్రభువు చెవులలో చేరుతుందని యాకోబు హెచ్చరిస్తాడు (యాకోబు 5:4). కనుక జీతము గురించి అడగడం లోకాశ అని ఎవరూ అనుకోకూడదు.

పిల్లలను పనికి పంపేటప్పుడు మన తల్లిదండ్రులు "నెలకెంత?" అని మాత్రమే అడుగుతారు. మరి కొన్ని అడగాలి. వారానికి ఒక రోజు సెలవు ఉన్నదా? ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటి చట్టాలకు మూలమైన 1988 నాటి దుకాణముల, సంస్థల చట్టము ప్రకారం అది ఉద్యోగి హక్కు. ఇ.ఎస్.ఐ. కట్టుచున్నారా? పదిమంది లేక అంతకు పైగా పనిచేసే దుకాణాలలో, 2017 జనవరిలో పెట్టిన పరిమితి ప్రకారం, నెలకు 21 వేల రూపాయల వరకు జీతము ఉన్నవారికి ఇది వర్తిస్తుంది. 2019 జూలై నుండి అమలైన లెక్క ప్రకారం ఉద్యోగి వాటా నూటికి 75 పైసలు, యజమాని వాటా నూటికి 3 రూపాయల 25 పైసలు. అంటే 12 వేల జీతానికి ఉద్యోగి 90 రూపాయలు, యజమాని 390 రూపాయలు కడతారు. దీనివల్ల ఉద్యోగికి, ఇంటివారికి వైద్యము లభిస్తుంది. ఇరవై మంది లేక అంతకు పైగా ఉన్నచోట ప్రావిడెంట్ ఫండ్ ఉన్నదా అని కూడా అడగాలి. హాస్టల్ ఇస్తామంటే తల్లో తండ్రో ఒకసారి వెళ్ళి ఆ గది, స్నానాల గది, తలుపు గడియ కళ్ళారా చూసి రావాలి.

ఒక స్టూలు కోసం

ఇక కాళ్ళ సంగతి. దుకాణములో పనిచేసే ఆడపిల్లను ఏమి కష్టమని అడిగితే, తరచు వచ్చే మొదటి మాట "నిలబడటం." కొనేవారు లేని సమయములో కూడా కూర్చోనివ్వని షాపులు ఉన్నాయి. కూర్చుంటే సోమరితనమని యజమాని అనుకుంటాడు. ఏళ్ళు గడిచేసరికి కాళ్ళ వాపులు, నరాలు ఉబ్బడం, నడుము నొప్పి వస్తాయి. బయటకు వెళ్ళనివ్వరన్న భయముతో నీళ్ళు త్రాగడం మానేసి జబ్బు తెచ్చుకునే పిల్లలూ ఉన్నారు.

ఇది ఈనాటి కష్టము కాదు. ఇంగ్లాండులో 1899లో ఒక చట్టమే చేయవలసి వచ్చింది. దుకాణములో పనిచేసే ప్రతి ముగ్గురు స్త్రీలకు ఒక ఆసనము చొప్పున ఉంచాలని ఆ చట్టము చెప్పింది. మన దేశములో ఈ మాట చట్టములోకి ఎక్కడానికి మరి నూట పందొమ్మిదేళ్ళు పట్టింది. కేరళలోని కోళికోడ్‌లో దుకాణాలలో పనిచేసే స్త్రీలు మరుగుదొడ్డి కోసం, కూర్చునే హక్కు కోసం ఏళ్ళ తరబడి పోరాడారు. వారిని కూడగట్టిన విజి అనే స్త్రీ స్వయంగా కుట్టుపని చేసుకొనే మనిషి. 2018లో కేరళ ప్రభుత్వము చట్టాన్ని సవరించి, దుకాణ ఉద్యోగులకు కూర్చునే వసతి తప్పనిసరి చేసింది. 2021లో తమిళనాడు కూడా ఆ పని చేసింది.

ఒక స్టూలు ఖరీదు ఎంత? షోరూములో ఒక మంచి చీర ఖరీదు కూడా ఉండదు. మన సంఘములో దుకాణము నడుపుకొనే సహోదరులు ఈ పత్రిక చదువుచున్నట్లయితే, చట్టము వచ్చి చెప్పేవరకు ఆగవద్దని మనవి.

పన్నెండుమంది గుమాస్తాలు

ఇక్కడ మన క్రైస్తవ చరిత్రలోని ఒక సంగతి జ్ఞాపకము చేసుకోవాలి. వై.ఎం.సి.ఎ. పేరు మనకు తెలుసు. అది పుట్టింది గొప్ప దేవాలయములో కాదు, బట్టల కొట్టులో. సోమర్సెట్ ప్రాంతపు రైతు బిడ్డ జార్జి విలియమ్స్ 1841లో లండను నగరానికి వచ్చి, సెయింట్ పాల్స్ దేవాలయము దగ్గర ఒక బట్టల దుకాణములో గుమాస్తాగా చేరాడు. ఆ కాలములో గుమాస్తాలు దుకాణము పైనున్న గదులలోనే ఉండేవారు. తెల్లవారినది మొదలు రాత్రి ప్రొద్దుపోయే దాకా పని. పని ముగిశాక వారికి మిగిలేది వీధి, సారా దుకాణము.

జార్జి విలియమ్స్ తోటి గుమాస్తాలతో కలిసి తమ గదిలో ప్రార్థన మొదలుపెట్టాడు. 1844 జూన్ 6న పన్నెండుమంది యౌవనస్థులు కూడుకొని వై.ఎం.సి.ఎ.ను స్థాపించారు. ఊరు వదిలి వచ్చిన దుకాణపు పిల్లవానికి ఒక గది, ఒక స్నేహితుడు, ఒక ప్రార్థన ఎంత అవసరమో వారికి అనుభవముతో తెలుసు. ఆ అవసరము ఈనాడు మన పిల్లలకూ ఉన్నది. పట్నములో ఉన్న మన బిడ్డలను ఆ ఊరి సంఘానికి పరిచయము చేస్తూ మన పాస్టరుగారు ఒక ఉత్తరము వ్రాశారా? ఒక ఫోను చేశారా?

నవ్వు కూడా పనియే

ఈ ఉద్యోగములో కంటికి కనబడని కష్టము ఒకటున్నది. బస్తా మోసేవాని బరువు అందరికీ కనబడుతుంది. నవ్వు మోసేవారి బరువు ఎవరికీ కనబడదు. ఆర్లీ హోక్‌షీల్డ్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త 1983లో వ్రాసిన పుస్తకములో, విమానములో ప్రయాణికులకు సేవచేసే పరిచారికల జీవితాన్ని పరిశీలించి ఈ సంగతి బయటపెట్టింది. లోపల దుఃఖమున్నా బయటకు నవ్వడం, అవమానాన్ని మింగి మెత్తగా మాట్లాడటం కూడా శ్రమయే. దానికీ మనిషి అలసిపోతాడు.

అటువంటి వేళ ఆ ఉద్యోగికి కావలసినది ఒకటే. తప్పు తనది కానప్పుడు తన ప్రక్కన నిలబడే పైవాడు. ఒక ఖాతాదారుడు నోటికి వచ్చినట్లు తిడుచున్నప్పుడు సూపర్‌వైజరు వచ్చి, "అమ్మాయిని ఏమీ అనకండి సార్, నాతో చెప్పండి" అంటే ఆ అమ్మాయి ఆ ఉద్యోగాన్ని ఎన్నాళ్ళయినా చేస్తుంది. అదే సూపర్‌వైజరు అందరి ఎదుట తానూ నాలుగు తిట్టి పంపితే, జీతము రెట్టింపు చేసినా ఆమె మనసు అక్కడ నిలువదు.

బోయజు పొలము

పరిశుద్ధ గ్రంథములో ఒక మంచి పనిచోటు చూడాలంటే రూతు గ్రంథము రెండవ అధ్యాయము తెరవండి. బోయజు బేత్లెహేము నుండి పొలానికి వస్తూనే ముందు కోతవారిని దేవుని పేరట పలకరించాడు. వారు కూడా అదే విధముగా ఆయనకు దీవెన పలికారు. తరువాత పరదేశియైన రూతు జోలికి పోవద్దని పనివారికి ఆజ్ఞ ఇచ్చాడు. దాహమైతే వారు చేది ఉంచిన నీళ్ళు త్రాగమన్నాడు. భోజన వేళ దగ్గరకు పిలిచి తృప్తిగా తినిపించాడు. ఆమె ఏరుకొనే చోట ఆమెను అవమానపరచవద్దని, కొన్ని పిడికిళ్ళు కావాలనే ఆమె కోసం విడువమని చెప్పాడు.

పలకరింపు, భద్రత, నీళ్ళు, భోజనము, పరువు, ప్రతిఫలము. వేల సంవత్సరాల క్రితము ఒక పొలములో ఇవన్నీ ఉన్నాయి. ఈ రోజు ఏ షోరూములోనైనా ఇవి ఆరూ ఉంటే అక్కడ పనివారు మారరు. మరొక మాట గమనించండి. బోయజు రూతుతో మాట్లాడకముందే, ప్రొద్దుటి నుండి ఆమె ఎలా పనిచేస్తున్నదో పనివారి మీద నియమింపబడిన మనిషి యజమానికి చెప్పాడు. ఆమె శ్రమను గుర్తించినవాడు ఒకడున్నాడు. గుర్తింపు అంటే అదే.

"ఆ రోజు కాళ్ళ నొప్పి తెలియలేదు"

మొదట చెప్పిన ఆ అమ్మాయిని, సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు, నేనే అడిగాను. "ఇంత కష్టమున్నప్పుడు మానేయవచ్చు కదమ్మా? ఏముందని చేస్తున్నావు?"

ఆమె జీతము పేరెత్తలేదు. "ఒకసారి ఒక ముసలమ్మ వచ్చిందండీ. మనవరాలి పెళ్ళికి చీర. కొంగున కట్టుకున్న డబ్బు ఎంతో లెక్కపెట్టి చెప్పింది. ఆ డబ్బుకు పట్టుచీర రాదు. వేరే ర్యాకులో, చూడటానికి పట్టులాగే ఉండే చీరలు తీసి చూపించాను. అది పట్టు కాదని కూడా చెప్పాను. అయినా ఆమె మెచ్చి తీసుకుంది. వెళ్ళేటప్పుడు నా తల మీద చెయ్యిపెట్టి, చల్లగా ఉండమ్మా అన్నది. ఆ రోజు కాళ్ళ నొప్పి తెలియలేదు."

ప్రియులారా, హెర్జ్‌బర్గ్ చెప్పిన నీరు ఇదే. ఆ అమ్మాయికి తన పని తెలుసు. ఏ బట్ట ఏ చేతికి నప్పుతుందో, ఏ రంగు వెలుగులో ఎలా మారుతుందో తెలుసు. అబద్ధమాడకుండా అమ్మే స్వేచ్ఛ ఆ పూట ఆమెకు దొరికింది. తన పని వలన ఒక ఇంట పెళ్ళి జరిగింది. ఫిలిప్పీలో సువార్త విన్న లూదియ కూడా బట్టలు అమ్మే స్త్రీయే (అపొ. 16:14). ఊదారంగు బట్టలు అమ్ముకొనే ఆమె హృదయాన్ని ప్రభువు తెరచాడు, ఆమె ఇల్లు సంఘమైనది. అమ్మకము తక్కువ పని కాదు.

ఒక యజమాని సంగతి కూడా చెబుతాను. బాప్టిస్టు బోధకుని కుమారుడైన జేమ్స్ క్యాష్ పెన్నీ 1902లో అమెరికాలోని కెమ్మరర్ అనే గనుల ఊరిలో ఒక చిన్న దుకాణము తెరిచాడు. ఇతరులు మీకేమి చేయగోరుదురో అదే వారికి చేయమన్న ప్రభువు మాటను (మత్తయి 7:12) బట్టి దానికి "బంగారు సూత్రము" అని అర్థమిచ్చే పేరు ఉండేది. మంచి ఉద్యోగులకు కొత్త దుకాణాలలో భాగము ఇచ్చి వారిని భాగస్థులను చేస్తూ వ్యాపారము పెంచాడు. కొట్టు తమదనుకొన్నవారు పని గంటలు లెక్కపెట్టరు కదా.

ఆదివారము మాటేమిటి?

మన కుటుంబాలను ఎక్కువగా బాధపెట్టే ప్రశ్న ఇది. షాపులకు ఆదివారమే ఎక్కువ బేరము. సెలవు మంగళవారమో బుధవారమో ఇస్తారు. బిడ్డ నెలల తరబడి ఆరాధనకు దూరమవుతుంది. దానితో లోపల ఒక వెలితి మొదలవుతుంది.

చేరేటప్పుడే మర్యాదగా, స్పష్టముగా అడగడం మంచిది. "నెలకు ఒక ఆదివారమైనా ఇప్పించండి, లేదా ఆదివారము పదకొండింటికి వస్తాను, పండుగ రోజుల్లో బదులు చేస్తాను" అంటే ఒప్పుకొనే యజమానులు ఉన్నారు. నమ్మకముగా పనిచేసే మనిషి అడిగితే కాదనడం కష్టము. పట్నములలోని సంఘములు కూడా దుకాణాలు తెరవకముందు, ఉదయము ఆరున్నరకో ఏడింటికో ఒక చిన్న ఆరాధన పెట్టగలిగితే ఎంతమంది బిడ్డలు నిలబడతారు! రాలేని బిడ్డను "భక్తి తగ్గింది" అని గద్దించడం తేలిక. ఆ బిడ్డ రాగలిగిన వేళకు తలుపు తీయడం ప్రేమ.

ఏమి చేసినా మనుష్యులను కాక ప్రభువును సేవించుచున్నామన్న మనసుతో చేయమని పౌలు చెప్పింది పెద్ద ఉద్యోగులకు కాదు, ఆ కాలపు దాసులకు (కొలొస్సి 3:22-24). ఆ వెంటనే యజమానులకు కూడా పరలోకమందు ఒక యజమానుడున్నాడని గుర్తుచేశాడు (4:1). ఈ రెండు మాటలూ కలిపే చదవాలి. మొదటి మాట మాత్రమే పనివారికి చెప్పి, రెండవది యజమానులకు చెప్పకపోతే వాక్యాన్ని సగము దాచినట్లే.

మనము కొనేటప్పుడు

చివరిగా మన సంగతి. కొనేటప్పుడు బాగాలేదు, బాగాలేదు అని, ఇంటికి వెళ్ళాక అతిశయపడే మనిషిని సామెతల గ్రంథము ఎప్పుడో పట్టుకున్నది (సామెతలు 20:14). చూసి నవ్వుకుంటాము గాని ఆ మనిషి మనమే. బేరమాడటము తప్పు కాదు. కాని ఆ ధర పెట్టినది కౌంటరు దగ్గరి అమ్మాయి కాదు. తగ్గించే అధికారము ఆమెకు లేదు. ఆమెను కోప్పడి ఏమి లాభము?

ఖర్చులేని పనులు కొన్నున్నాయి. ముఖము చూసి "ఏమ్మా, భోజనము చేశావా?" అని అడగవచ్చు. ఎంత డబ్బులో కావాలో ముందే చెబితే అనవసరముగా యాభై చీరలు తీయించే పని ఉండదు. మూసే వేళకు వెళ్ళకుండా ఉండవచ్చు. బాగా చూపించిందని ఆమె యజమానితో ఒక మాట చెప్పవచ్చు. పండుగ బట్టలు డిసెంబరు మొదటి వారములోనే కొనుక్కోవచ్చు. ఎందుకనగా క్రిస్మస్ ముందు రాత్రి మనము దుకాణములో ఉన్నంతసేపు, ఎవరి బిడ్డో ఆరాధనకు దూరముగా మన ఎదుట నిలబడి ఉంటుంది.

ఆ తల్లి ఈసారి కూడా చాప మీద చోటు ఉంచుతానన్నది. ఆ చోటు నిండటము సగము యజమాని చేతిలో ఉన్నది. మిగతా సగము మన చేతిలో ఉన్నది.